కారణం గడిలో ‘అతివేగం’ అని రాసేస్తే చాలదు

ఒక రాష్ట్రంలో ఏడాది పాటు నమోదైన రోడ్డు ప్రమాదాల పట్టిక తిరగేస్తే, ‘కారణం’ గడిలో పదేపదే కనిపించేవి అతివేగం, డ్రైవర్ నిర్లక్ష్యం. తప్పు రాతలేం కావు. విచారణ అక్కడితో ఆగిపోవడమే నష్టం.

వేగం సంగతి లెక్కలో చూద్దాం. ఒక కారు గంటకు 60 కిలోమీటర్లతో, మరొకటి 80తో వెళ్తున్నాయి. అడ్డుగా వచ్చిన మనిషిని చూసి బ్రేకు తొక్కేసరికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆలోగా మొదటిది 25 మీటర్లు, రెండోది 33 మీటర్లు వెళ్లిపోతాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే మొదటి కారు మొత్తం 45 మీటర్లలో ఆగుతుంది. అదే చోటికి వచ్చేసరికి రెండోది ఇంకా 65 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. అది పూర్తిగా ఆగడానికి దాదాపు 70 మీటర్లు కావాలి. రాత్రిపూట డిమ్ లైటు వెలుగు మాత్రం 50 మీటర్లు దాటడం కష్టం. రిఫ్లెక్టర్లు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన లారీ ఎందుకంత మందిని చంపుతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంతకీ అక్కడ 80తో ఎందుకు వెళ్లారు? ఊరి మధ్యలోంచి వెడల్పుగా, తిన్నగా రోడ్డు వేసి, పక్కన 40 అని బోర్డు పెడితే వాహనాలు బోర్డు మాట వినవు, రోడ్డు మాట వింటాయి. వేగాన్ని నిర్ణయించేది చాలావరకు రోడ్డు రూపమే.

పర్యవసానాలు కూడా పట్టికలో పూర్తిగా కనిపించవు. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు చనిపోయినవారిని లెక్కించడం అంతర్జాతీయ పద్ధతి. పోలీసులు ఆసుపత్రి వివరాలు మళ్లీ కనుక్కోకపోతే ఆ మరణాలు గాయాలుగానే మిగిలిపోతాయి. వెన్నెముక దెబ్బతిని సంపాదన ఆగిపోయిన ఇల్లు ఏ గడిలోనూ ఉండదు. పల్లె రోడ్ల మీద వేగం ఎక్కువ, అంబులెన్సు ఆలస్యం కాబట్టి ప్రతి వంద ప్రమాదాలకు మరణాలు ఎక్కువ.

ప్రమాదాలు పదేపదే జరిగే చోట మూడేళ్ల రికార్డు తీసి, ఏ వాహనం ఎటునుంచి వచ్చింది, ఏ వేళ, ఎలా గుద్దుకుంది అన్నది బొమ్మగా గీయాలి. రాత్రి పాదచారులే పోతుంటే వీధిదీపాలు, ఫుట్‌పాత్ కావాలి. కూడలిలో అడ్డంగా గుద్దుకుంటుంటే రౌండబౌట్, అంటే మధ్యలోని గుండ్రటి దిబ్బ చుట్టూ వాహనాలు తిరిగి వెళ్లే ఏర్పాటు, మేలు. వేగం తగ్గుతుంది, ఢీకొనే కోణమూ మారుతుంది. మార్పు చేశాక ఒక్క ఏడాది అంకె చూసి సంబరపడకూడదు. బాగా చెడ్డ ఏడాది తర్వాత ఏమీ చేయకపోయినా సంఖ్య తగ్గవచ్చు. అందుకే మళ్లీ మూడేళ్లు, మార్పు చేయని అలాంటి కూడళ్లతో పోల్చి లెక్కపెట్టాలి.