సైన్స్ ప్రాజెక్టులు: అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్న నేను, ప్రతి ఏడాది వార్షిక పరీక్షలకు ముందు ఒక శనివారం నాడు తొమ్మిదో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే లేపి, ఆ సంవత్సరం తాము చేసిన ప్రాజెక్టుల్లో ఏది బాగా నచ్చిందో, ఎందుకు నచ్చిందో చెప్పమంటాను. వాళ్లు చెప్పినది నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటాను. ప్రాజెక్టుల గురించి పెద్దలు అనుకునేదానికీ, పిల్లలు చెప్పేదానికీ పొంతన లేదని ఆ పుస్తకాలు తిరగేసిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది. ఆ తేడాల్లో ముఖ్యమైనవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ప్రాజెక్టు అంటే చూడచక్కని మోడల్.

వాస్తవం: థర్మకోల్‌తో కొండ చేసి, అందులో వంటసోడా, వెనిగర్ కలిపి, ఎర్రరంగు నురగ పొంగించే అగ్నిపర్వతం దాదాపు ప్రతి ప్రదర్శనలోనూ కనిపిస్తుంది. అక్కడ నురగను పొంగించేది ఆమ్లం, సోడా కలిసినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్. నిజమైన అగ్నిపర్వతంలో జరిగేది రసాయన చర్య కాదు, కరిగిన శిలాద్రవం, అందులో ఇమిడి ఉన్న వాయువులు పీడనం వల్ల పైకి తన్నుకు రావడం. మోడల్ ఎంత అందంగా ఉన్నా, దాన్ని చేసిన పిల్లవాడు అగ్నిపర్వతం గురించి కొత్తగా తెలుసుకున్నది ఏమీ ఉండదు. నా నోటుపుస్తకాల్లో తరచుగా కనిపించే పేరు లోలకం. వరండా దూలానికి దారం కట్టి, చివర ఒకసారి తాళంకప్పను, మరొకసారి రబ్బరు ముక్కను వేలాడదీసి కొద్దిగా ఊపితే, బరువు మారినా ఊగే కాలం మారదు. దారం పొడవు 25 సెంటీమీటర్లు ఉంటే ఒక డోలనానికి ఒక సెకను, ఒక మీటరు ఉంటే రెండు సెకన్లు పడుతుంది. కాలం రెట్టింపు కావాలంటే పొడవు నాలుగు రెట్లు కావాలన్న సంగతిని సూత్రం చెప్పకముందే తమ పట్టికలో తామే పట్టుకున్న పిల్లలు దాన్ని మరచిపోరు.

అపోహ: నీళ్ల పళ్లెంలో కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లిస్తే, ఖర్చయిన ఆక్సిజన్ మేరకు నీళ్లు లోపలికి ఎక్కుతాయి, గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ ఉందనడానికి అదే రుజువు.

వాస్తవం: దీనికి ఎక్కువ స్థలం ఇస్తున్నాను, ఎందుకంటే మా తరంలో చాలామందిమి దీన్ని ఇలాగే నేర్చుకున్నాం, నేనూ మొదటి కొన్నేళ్లు ఇలాగే బోధించాను. ఒక ఏడాది ఒక విద్యార్థిని గ్లాసును దగ్గరగా చూస్తూ, మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా ఎక్కడం లేదని, ఆరిన తరువాతే ఒక్కసారిగా పైకి వస్తున్నాయని గమనించింది. ఆక్సిజన్ క్రమంగా ఖర్చవుతున్నప్పుడు నీళ్లు కూడా క్రమంగా ఎక్కాలి కదా అన్నది ఆమె ప్రశ్న. మళ్లీ చేసి చూస్తే, గ్లాసు బోర్లించే క్షణంలో అంచు కింద నుంచి బుడగలు బయటికి వస్తున్నాయి. మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది. ఆ ఖాళీలోకి బయటి వాతావరణ పీడనం నీళ్లను నెడుతుంది. తరువాత పిల్లలు ఒకే గ్లాసు కింద ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెట్టి చూశారు. గ్లాసులోని ఆక్సిజన్ మారలేదు, కానీ నీళ్లు మాత్రం అంతకుముందుకన్నా స్పష్టంగా ఎక్కువ ఎత్తుకు ఎక్కాయి. నిజానికి గాలిలో 21 శాతం ఉన్న ఆక్సిజన్ సుమారు 16 శాతానికి తగ్గేసరికే కొవ్వొత్తి ఆరిపోతుంది, ఖర్చయినదానిలో చాలా భాగం స్థానంలో కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది కూడా.

ఐదో వంతును నిజంగా చూడాలంటే తడిపిన సన్నటి ఇనుప పీచును పరీక్షనాళిక అడుగున ఇరికించి, దాన్ని నీళ్లలో బోర్లించి కొన్ని రోజులు ఓపిక పట్టాలి. ఇనుము తుప్పు పడుతూ ఆక్సిజన్‌ను తీసుకుంటుంది, వాయు రూపంలో మరేదీ విడుదల కాదు, కాబట్టి 15 సెంటీమీటర్ల నాళికలో నీళ్లు దాదాపు 3 సెంటీమీటర్లు ఎక్కి ఆగుతాయి. గిన్నెలు తోమే స్టీలు పీచు తుప్పు పట్టదు గనుక అది పనికిరాదు. చెక్క నునుపు చేయడానికి వాడే ఇనుప పీచు తెచ్చుకోవాలి. ఆ విద్యార్థిని తనకు నచ్చిన ప్రాజెక్టు ఇదేనని చెప్పినప్పుడు తరగతి మొత్తం చప్పట్లు కొట్టింది.

అపోహ: నిమ్మకాయలో విద్యుత్తు ఉంటుంది.

వాస్తవం: జింకు పూత ఉన్న మేకు, రాగి తీగ గుచ్చిన ఒక నిమ్మకాయ నుంచి సుమారు 0.9 వోల్టు వస్తుంది. అయితే ఆ శక్తి వచ్చేది కరుగుతున్న జింకు నుంచే గాని నిమ్మకాయ నుంచి కాదు. ఒకే రకం మేకులు రెండు గుచ్చి మల్టీమీటర్ పెడితే ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. నిమ్మకాయకు బదులు చింతపండు పులుసు వాడినా ఇంచుమించు అదే వోల్టేజి వస్తుంది. ఎర్ర ఎల్ఈడీ వెలగడానికి 1.8 వోల్టుల వరకు కావాలి కాబట్టి మూడు నాలుగు కాయలు వరుసగా కలపాలి. టార్చిలైటు బల్బు మాత్రం ఎన్ని కాయలు అలా కలిపినా వెలగదు, ఎందుకంటే దానికి వందల మిల్లీ ఆంపియర్లు అవసరం, ఇక్కడ వచ్చేది సాధారణంగా ఒక మిల్లీ ఆంపియర్‌కు మించదు.

అపోహ: మోటారుతో డైనమో తిప్పి, ఆ డైనమోతో మళ్లీ అదే మోటారును నడిపితే ఉచిత విద్యుత్తు తయారవుతుంది.

వాస్తవం: తయారు కాదు. వీడియోల్లో చూసి ఎంతో ఆశతో ఈ ఆలోచన తెచ్చే పిల్లవాణ్ణి నేను ఎన్నడూ కసురుకోను, అతని చేతికి మల్టీమీటర్ ఇస్తాను. మోటారులోకి వెళ్లే వోల్టేజిని, కరెంటును గుణించి, డైనమో నుంచి వచ్చేవాటినీ గుణించి పక్కపక్కన రాయమంటాను. మా బడిలో చేసినప్పుడు, లోపలికి వెళ్లినదానిలో సగం కూడా బయటికి రాలేదు. మిగిలినది తీగల్లో, బేరింగుల్లో వేడిగా పోయిందని మోటారును ముట్టుకుని చూసి వాళ్లే చెప్పారు.

అపోహ: డబ్బు పెట్టగలిగినవాళ్లకే మంచి ప్రాజెక్టు సాధ్యం.

వాస్తవం: 2016 నుంచి ఏర్పాటవుతున్న అటల్ టింకరింగ్ ల్యాబులు ఉన్న బడులకు సెన్సార్లు, 3డీ ప్రింటర్లు అందాయి, బడి పిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్‌కు ఎంపికైన విద్యార్థికి 10,000 రూపాయలు వస్తాయి, ఇవి మంచి అవకాశాలు, వాడుకోవాలి. కానీ పైన చెప్పిన ప్రయోగాల్లో మల్టీమీటర్ తప్ప కొనవలసిన పెద్ద వస్తువేదీ లేదు.

అపోహ: అనుకున్న ఫలితం రాకపోతే ప్రాజెక్టు విఫలమైనట్టే.

వాస్తవం: ఇద్దరు పిల్లలు డాబా మీది నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు మూతకు అల్ట్రాసోనిక్ సెన్సార్ బిగించి, నీటిమట్టం చూపే పరికరం చేశారు. ఎవరూ నీళ్లు పెట్టకుండానే మధ్యాహ్నానికి ట్యాంకులో మట్టం కొద్దిగా పెరిగినట్టు, సాయంత్రం తిరిగి దిగినట్టు అది చూపించేది. ఒక ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు పరికరం తప్పు చూపుతోందని చెప్పి ముందుకు సాగిపోయారు, పిల్లలు చిన్నబుచ్చుకున్నారు, నాకూ బాధ కలిగింది. ఆ సెన్సార్ దూరాన్ని నేరుగా కొలవదు. ధ్వని వెళ్లి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. ధ్వని వేగం 25 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 346 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర సుమారు 355 మీటర్లు. ఎండకు కాగిన ట్యాంకులో ప్రతిధ్వని త్వరగా తిరిగి వస్తుంది కాబట్టి, 25 డిగ్రీల వేగంతోనే లెక్కకడితే ఒక మీటరు దూరం రెండున్నర సెంటీమీటర్లు తక్కువగా కనిపిస్తుంది, నీళ్లు ఆ మేరకు పైకి వచ్చినట్టు తోస్తుంది. వాళ్లు ఒక ఉష్ణోగ్రత సెన్సార్ చేర్చి, డిగ్రీకి 0.6 మీటర్ల చొప్పున వేగాన్ని సవరించే లెక్కను ప్రోగ్రాంలో రాశారు. సరిగా పనిచేసిన మొదటి రోజుకన్నా, తప్పు ఎక్కడుందో దొరికిన సాయంత్రమే తమకు నచ్చిందని ఇద్దరూ చెప్పారు.

అపోహ: టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే నీళ్లు మంచివో కావో తెలిసిపోతుంది.

వాస్తవం: తమ ఊరి సమస్యను తీసుకుని పరిశీలించాలన్నది 1993లో ప్రారంభమైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ పద్ధతి, అందుకని మా వైపు పిల్లలు తరచుగా బోరు నీళ్లనే ఎంచుకుంటారు. ఆ మీటర్ నీటి విద్యుత్ వాహకతను కొలిచి, దాని నుంచి కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆ లెక్కలో నీళ్లు బాగున్నట్టే. అయితే ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీటి వనరు లేని చోట 1.5 వరకు ఫరవాలేదని భారతీయ ప్రమాణం చెబుతుంది. వందల మధ్య ఆ ఒకటి రెండు మిల్లీగ్రాముల తేడాను టీడీఎస్ మీటర్ విడదీసి చూపలేదు. సూక్ష్మజీవులను అసలే చూపదు. నల్గొండ పేరుతోనే ఫ్లోరైడ్ తొలగించే పద్ధతి ఉన్న ప్రాంతంలో ఈ పొరపాటు చిన్నది కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడే ఆ పద్ధతిని పిల్లలు బీకర్లో చేసి చూశారు, నమూనాలను ఫ్లోరైడ్ పరీక్షా కిట్‌తో విడిగా పరీక్షించారు. మీటరులో తక్కువ అంకె చూపిన ఒక బోరు నీటిలోనే కిట్ రంగు పరిమితి దాటింది. మరునాడు వాళ్లు తమ చార్టు మీద మీటర్ రీడింగుల పట్టిక కింద, ఈ అంకెలు చూసి తాగవద్దని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి, ఆ చార్టును పంచాయతీ కార్యాలయం గోడకు అంటించడానికి నన్ను అనుమతి అడిగారు.