వెలుగు చుక్కకు గాజు తొడుగు

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్న సిరోంచ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలోది. అయినా అక్కడ తెలుగు ఇంటింటా వినిపిస్తుంది. వానాకాలంలో ఈ అడవి పల్లెలకు వెళ్లే ఆశా కార్యకర్త సంచిలో మలేరియా పరీక్ష పట్టీలు ఉండాల్సిందే. వేలికొన నుంచి ఒక రక్తపు బొట్టు తీసి వేస్తే, జబ్బు ఉన్నట్లయితే కాసేపటికి ఎర్రగీత కనిపిస్తుంది. ఆ ఎరుపు సాధారణంగా బంగారు నానో కణాలది. రక్తంలో పరాన్నజీవులు మరీ తక్కువగా ఉంటే గీత కంటికి ఆనదు. జ్వరం లేకుండానే మలేరియాను మోస్తున్నవారు ఇలాగే పరీక్షకు చిక్కకుండా పోతారు.

బంగారానికి బదులు క్వాంటం డాట్లు, అంటే కంటికి ఆననంత చిన్న స్ఫటికపు చుక్కలు, వాడితే, అతినీలలోహిత దీపం కింద ఆ గీత వెలుగుతుంది. కాడ్మియం సెలినైడ్ స్ఫటికం సుమారు 2 నానోమీటర్లు ఉంటే నీలి ఛాయలో, 6 నానోమీటర్లు ఉంటే ఎర్రగా మెరుస్తుంది. పదార్థం ఒకటే, పరిమాణాన్ని బట్టి రంగు. కాబట్టి ఫాల్సిపారం, వైవాక్స్ మలేరియాలకు చెరో రంగు కేటాయించి ఒకే దీపంతో చూడవచ్చు. ఈ చుక్కలకే 2023లో బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు రసాయన నోబెల్ వచ్చింది. నన్నడిగితే, రక్తపు బొట్టు దాకా వచ్చేసరికి సగం ఘనత ఈ చుక్కలపై వేసే గాజులాంటి సిలికా పూతకు చెందాలి.

ఎందుకంటే మంచి చుక్కలు దాదాపు 300 డిగ్రీల వేడి ద్రావణంలో పుడతాయి. వాటి ఒంటినిండా జిడ్డు అణువులు, నీటిలో కలవవు. ఆ అణువులను ఊడదీస్తే వెలుగు తగ్గుతుంది, విషపూరితమైన కాడ్మియం బయటపడే ప్రమాదమూ పెరుగుతుంది. అందుకే ముందు జింక్ సల్ఫైడ్ పొర, ఆపైన సిలికా. నది ఇసుకలో అధిక భాగం ఈ సిలికాయే. అయితే ప్రయోగశాలలో దాన్ని టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్ అనే ద్రవం నుంచి రాబడతారు. సైక్లోహెక్సేన్‌లో సబ్బులాంటి పదార్థంతో అతి సూక్ష్మమైన నీటి బిందువులను నిలిపి, చుక్కలను, ఈ ద్రవాన్ని, కాస్త అమ్మోనియాను చేర్చి గంటల తరబడి కలుపుతారు. ఆ బిందువుల్లో చుక్క చుట్టూ సిలికా పేరుకుంటుంది. ద్రవం మోతాదు పెంచితే పూత మందమవుతుంది. తొందరపడి ఎక్కువ పోస్తే చుక్కలేని ఖాళీ సిలికా గుళికలు మిగులుతాయి. పూత పైనున్న హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్) సమూహాలకు ముందు అమైన్‌లనే నైట్రోజన్ సమూహాలను, వాటికి మలేరియా ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలను అతికిస్తారు. 1998లో రసాయన శాస్త్రవేత్త అలివిసాటోస్ బృందం ఎలుక కణాలకు రెండు రంగులు వేసి చూపింది సిలికా పూత ఉన్న చుక్కలతోనే.

పూతకూ లోపాలున్నాయి. సూక్ష్మరంధ్రాలుంటాయి, క్షారంలో మెల్లగా కరుగుతుంది, కాడ్మియాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప శాశ్వతంగా బంధించదు. కాడ్మియం లేని ఇండియం ఫాస్ఫైడ్ చుక్కల వైపు పరిశోధకులు మళ్లడానికి ముఖ్య కారణం ఈ కాడ్మియమే. ఇక సిరోంచ మే నెల ఎండ సంగతి వేరు. సిలికా కాపాడేది లోపలి చుక్కను మాత్రమే. యాంటీబాడీ ఉండేది పూతకు బయట, వేడికి ముందుగా చెడేది కూడా అదే.