ఫ్లానరీ ఓకానర్ కథల్లో తుపాకీ పేలినప్పుడే కృప ఎందుకు?

అమెరికన్ రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ రాయగా 1953లో అచ్చయిన 'ఎ గుడ్ మ్యాన్ ఈజ్ హార్డ్ టు ఫైండ్' కథలో ఓ ముసలమ్మ కొడుకు కుటుంబంతో కారులో ఫ్లోరిడాకు బయలుదేరుతుంది. దారిలో జార్జియా మట్టిరోడ్డు మీద కారు బోల్తా పడుతుంది. జైలు నుంచి పారిపోయిన 'మిస్‌ఫిట్' అనే హంతకుడు అక్కడికి వస్తాడు. అతని మనుషులు కొడుకునీ, కోడలినీ, పిల్లల్నీ రెండు విడతలుగా అడవిలోకి తీసుకెళ్లి కాల్చేస్తారు. మిగిలిన ముసలమ్మ అతని ముఖంలోకి చూసి, 'నువ్వూ నా బిడ్డవే' అంటూ భుజం తాకుతుంది. అతను ఉలిక్కిపడి మూడుసార్లు కాలుస్తాడు.

జీవితమంతా పరువూ మర్యాదా అంటూ బతికిన మనిషి, చావు ముందర తొలిసారి ఇంకొకరిని తనవాడిగా చూసింది. ఓకానర్ దృష్టిలో కృప, అంటే దేవుడి అనుగ్రహం, అదే. ఈ కథలో శవాలను కాదు, ముసలమ్మ ఆత్మలో కృప చేసే పనిని గమనించండని 1963లో వర్జీనియాలోని హాలిన్స్ కాలేజీలో శ్రోతలకు చెప్పారు.

ఈ ఆలోచన వెనక చాలా ఉంది. 1925లో జార్జియా రాష్ట్రంలోని సవానాలో పుట్టిన ఓకానర్ కేథలిక్. చుట్టూ ఉన్నది ప్రొటెస్టెంట్ల అమెరికా దక్షిణాది, అక్కడ కేథలిక్కులు కొద్దిమందే. ఆమె మధ్యయుగపు కేథలిక్ తత్వవేత్త సెయింట్ థామస్ అక్వినాస్‌ను ఇష్టంగా చదివేవారు. ఫ్రెంచ్ కేథలిక్ తత్వవేత్త మరిటేన్ దగ్గర కళ గురించి, ఫ్రెంచ్ కేథలిక్ రచయితలు మోరియాక్, బెర్నానోస్ నవలల్లో పాపుల గురించి నేర్చుకున్నారు. దేవుడు నీళ్లు, రొట్టె, శరీరం వంటి కంటికి కనిపించే వాటి ద్వారానే పనిచేస్తాడన్నది కేథలిక్ నమ్మకం. అందుకే ఆమె కథల్లో కృప ఉపదేశంగా రాదు, ఒంటికి తగులుతుంది. 'గ్రీన్‌లీఫ్' కథలో అది ఎద్దు కొమ్ముగా వస్తుంది.

ఇక పాఠకుల సంగతి. తను నమ్మేది నమ్మని వాళ్ల కోసం రాస్తున్నానని ఆమెకు తెలుసు. చెవుడున్న వాళ్లతో అరవాలి, చూపు ఆనని వాళ్లకు పెద్దపెద్ద బొమ్మలు గీయాలి అని 1957లో ఒక వ్యాసంలో రాశారు. చావు కూడా ఆమెకు దూరం కాదు. 1941లో తండ్రిని బలి తీసుకున్న లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తి ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఆమెకూ వచ్చింది. జార్జియాలోనే మిల్లెడ్జ్‌విల్ అనే ఊరి దగ్గరి పొలంలో తల్లితో ఉంటూ రాసి, 1964లో 39 ఏళ్లకే కన్నుమూశారు.

అయినా ఒక ప్రశ్న నన్ను వదలదు. ముసలమ్మకు కృప దొరికింది సరే, అడవిలో చనిపోయిన ఆ పసిబిడ్డకు ఏం దొరికింది? కథ ఆ బిడ్డ వైపు తిరిగి చూడదు. ఆమె వివరణ నాకు ఇక్కడ చాలదు.

అందుకే ఆమె కథల్లో నాకు 'రెవెలేషన్' ఎక్కువ ఇష్టం. డాక్టర్ గది బయట కూర్చుని, తనను నల్లవాళ్లలోనో పేద తెల్లవాళ్లలోనో పుట్టించనందుకు యేసుకు థాంక్స్ చెప్పుకునే మిసెస్ టర్పిన్ ముఖం మీదకు ఒక కాలేజీ అమ్మాయి పుస్తకం విసురుతుంది. ఆ సాయంత్రం పందుల దొడ్డి దగ్గర ఆమెకు ఒక దర్శనం కలుగుతుంది. తను చిన్నచూపు చూసినవాళ్లంతా ముందు నడుస్తూ స్వర్గానికి వెళుతుంటారు, తనలాంటి వాళ్లు చిట్టచివర ఉంటారు. ఇక్కడ ఎవరూ చావలేదు, దెబ్బ మాత్రం సరిగ్గా అహంకారానికే తగిలింది.

2020లో ఓకానర్ ఉత్తరాల్లోని జాతి వివక్ష మాటలపై పెద్ద చర్చ జరిగింది. లొయోలా యూనివర్సిటీ మేరీల్యాండ్ తన హాస్టల్ భవనానికి ఆమె పేరు తీసేసి, నల్లజాతి సన్యాసిని థియా బోమన్ పేరు పెట్టింది. ఆ ఉత్తరాల్లో కొన్ని 1964లో రాసినవి. 'రెవెలేషన్' అచ్చయిందీ ఆ సంవత్సరమే.