సాగే తాడు, కాళ్లున్న చేపలు: ఉమిహార కవాసే ఫిజిక్స్‌పై అపోహలు - వాస్తవాలు

‘ఉమిహార కవాసే’ 1994 డిసెంబరులో జపాన్‌లో నింటెండో గేమ్ యంత్రం సూపర్ ఫామికామ్ మీద విడుదలైంది. గులాబీ రంగు సంచి వేసుకున్న ఓ సుషీ వంటమ్మాయి, కాళ్లొచ్చిన చేపలను తప్పించుకుంటూ, గాలం తాడు విసిరి గోడలెక్కే ఆట ఇది. ఇలాంటి ఆట సొంతంగా చేద్దామనుకునేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఈ తాడు దగ్గరే.

అపోహ: ఇది ‘బయోనిక్ కమాండో’ లాంటిదే.
అంతకుముందు తరం యంత్రం ఫామికామ్‌లో 1988లో వచ్చిన ఆ ఆటలో హీరో గెంతలేడు, అతని ఇనుప చెయ్యి సాగదు. ఇక్కడ గెంతొచ్చు, పై బటన్‌తో తాడు చుట్టొచ్చు, కింది బటన్‌తో పొడవు పెంచొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, తాడు సాగుతుంది. ఆ సాగుడు తీసేస్తే మిగిలేది మామూలు ఊగుడే.

అపోహ: తాడు చుట్టేకొద్దీ ఊపు పెరుగుతుంది.
ఎప్పుడు చుట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉయ్యాల మీద నిలబడి ఊగేవాళ్లు అట్టడుగుకొచ్చినప్పుడు లేచి నిలబడతారు, చివరకెళ్లినప్పుడు గొంతుక్కూర్చుంటారు. ఇక్కడా అంతే. అట్టడుగున వేగం ఎక్కువ కాబట్టి తాడు మీద లాగుడూ ఎక్కువ. ఆ లాగుడుకు ఎదురుగా చుట్టినప్పుడే శక్తి చేరుతుంది. చివర్లలో చుడితే పెద్దగా ఏమీ రాదు, అక్కడ తాడు పొడవు పెంచాలి. బటన్ అదేపనిగా నొక్కి పట్టుకుంటే తాడు పొట్టిదై గాలం కిందే వేలాడుతూ ఉండిపోతారు. పొడవు నాలుగో వంతుకు తగ్గితే ఒక ఊగుకు పట్టే సమయం సగమవుతుంది కాబట్టి, గాలం వదలాల్సిన క్షణం కూడా అంత త్వరగా దాటిపోతుంది.

అపోహ: రాకెట్ జంప్ (తాడు సాగుడుతో పైకి దూసుకెళ్లడం) అదృష్టం.
తాడుకు అదృష్టంతో పని లేదు. పైన గాలం తగిలించి, తాడు పొడవు పెంచుతూ కిందికి జారండి. ఇంకా పడుతుండగానే చుట్టడం మొదలుపెట్టండి. పడే వేగం ఒకపక్క, తగ్గే పొడవు మరోపక్క తాడును బాగా సాగదీస్తాయి. తిరిగి పైకి లేచేటప్పుడు తాడు అసలు పొడవుకు చేరువయ్యే క్షణంలో వేగం గరిష్ఠంగా ఉంటుంది. గాలం వదలాల్సింది అప్పుడే. ముందే వదిలితే సాగుడులో మిగిలిన బలం వృథా. ఆలస్యమైతే తాడు వదులై, వచ్చిన వేగాన్ని గురుత్వాకర్షణ తినేస్తుంది.

అపోహ: గేమ్ ఇంజిన్‌లో (ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) ఉండే డిస్టెన్స్ జాయింట్ (రెండు వస్తువుల మధ్య దూరాన్ని స్థిరంగా పట్టి ఉంచే బంధం) పెడితే ఇదే ఆట తయారవుతుంది.
ఎక్కువమంది చేసే పొరపాటు ఇది. డిస్టెన్స్ జాయింట్‌ను మామూలుగా వాడితే వచ్చేది ఇనుప కడ్డీ. కావాల్సింది ఒకవైపే పనిచేసే స్ప్రింగ్. దూరం తాడు పొడవును మించితేనే బలం పుట్టాలి, తక్కువుంటే సున్నా. దానికి కొంచెం డ్యాంపింగ్ (కదలికను క్రమంగా తగ్గించే బలం) చేర్చాలి, లేకపోతే పాత్ర ఆగకుండా ఎగురుతూనే ఉంటుంది.

లెక్క కట్టే క్రమం కూడా ముఖ్యమే. ప్రతి అడుగులో (లెక్క ఒకసారి జరిగే చిన్న కాలంలో) ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతో స్థానం మార్చండి. పాత వేగంతోనే స్థానం మారిస్తే డ్యాంపింగ్ లేని స్ప్రింగ్‌కు అడుగడుగునా శక్తి కలుస్తూ పోతుంది, చివరకు పాత్ర తెర దాటి ఎగిరిపోతుంది. సరైన క్రమంలోనూ ఒక హద్దుంది. స్ప్రింగ్ గట్టిదనాన్ని ద్రవ్యరాశితో భాగించి, అడుగు కాలపు వర్గంతో గుణిస్తే 4 కంటే తక్కువ రావాలి. సెకనుకు 60 అడుగులైతే గట్టిదనం, ద్రవ్యరాశి నిష్పత్తి 14,400 దాటకూడదు. ఫ్రేమ్‌ను (తెర మీద ఒక్కో బొమ్మ ఉండే కాలాన్ని) నాలుగు ముక్కలు చేస్తే హద్దు 16 రెట్లు పెరుగుతుంది. ఆ అంచు దాకా వెళ్లకండి, అక్కడ తాడు వణుకుతుంది.

ఇక మూలలకు చుట్టుకోవడం. గాలం నుంచి పాత్ర దాకా గీత గీసి గోడ తగిలిందా అని చూస్తే సరిపోదు. వేగంగా ఊగితే రెండు ఫ్రేముల మధ్య మూల తప్పిపోతుంది. పివట్ (తాడు తిరిగే బిందువు), పాత్ర పాత స్థానం, కొత్త స్థానం కలిపి త్రిభుజంగా తీసుకుని అందులో పడ్డ మూలలను వెతకండి. రెండుంటే గీత ముందుగా తాకేదాన్ని ఎంచుకోండి. దాన్ని కొత్త పివట్ చేసి, ఏ దిశగా తిరిగిందో గుర్తుపెట్టుకోండి, ఆ దిశ తిరగబడితే తీసేయండి. పివట్‌ను మూల నుంచి రవ్వంత బయటికి జరపాలి. జరపకపోతే ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ చుట్టుకుంటూ విడిపోతూ ఉంటుంది. ఊగడానికి మిగిలే పొడవు మొత్తం పొడవులోంచి చుట్టుకున్న ముక్కలు పోగా వచ్చేదే. ఈ తీసివేత మరిచిపోతే మూల తాకగానే తాడు పెరిగిపోతుంది.

అపోహ: అన్ని దశలూ వరసగా దాటాలి.
అక్కర్లేదు. కొన్ని దశల్లో ఒకటి కంటే ఎక్కువ తలుపులుంటాయి, వాటిని బట్టి దారి మారుతుంది.

అపోహ: ఏ వెర్షన్ అయినా ఒకటే.
కాదు. 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన రెండో ఆట ‘షున్’ బొమ్మలు త్రీడీ అయినా ఆట మాత్రం టూడీలోనే సాగుతుంది. 2008 పీఎస్‌పీ వెర్షన్‌లో తాడు ఫిజిక్స్ దెబ్బతిన్నది. పాత ఆటలు చేతిలో పట్టుకుని ఆడాలంటే 2009 నింటెండో డీఎస్ వెర్షన్ మేలు. 2013లో 3డీఎస్ మీద మూడో ఆట ‘సయోనారా’ వచ్చింది, మొదలుపెట్టేవాళ్లకు అది కాస్త దయగా ఉంటుంది.

అపోహ: సరిగ్గా తగలకపోతే తప్పు చేతిదే.
కొన్నిసార్లు టీవీది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు. టీవీ 80 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే దాదాపు ఐదు ఫ్రేములు పోయినట్టే, రాకెట్ జంప్ కుదరదు. టీవీలో గేమ్ మోడ్ (ఆలస్యం తగ్గించే అమరిక) పెట్టండి. గాలం విసరడానికి అనలాగ్ స్టిక్ కాకుండా డీప్యాడ్ (నాలుగు దిశల బటన్) వాడండి, ఏటవాలు విసుర్లు గురి తప్పవు.