బీపీ మాత్ర మానేసినా నార్మలే వస్తోందా? (అపోహలు - వాస్తవాలు)

"రెండ్రోజులు మాత్ర ఆపి చూశాను డాక్టర్ గారూ, నూట ముప్పైయే ఉంది. అంటే తగ్గిపోయినట్టేగా?"

ఓపీలో ఈ మాట వినని వారం ఉండదు. అడిగేవాళ్ళు అజాగ్రత్త మనుషులేం కాదు. మిషన్ కొనుక్కుని, పొద్దున సాయంత్రం చూసుకునేవాళ్ళే.

అపోహ: ఆపాక కూడా నార్మల్ వస్తే జబ్బు నయమైనట్టే.

వాస్తవం: ఆ నార్మల్ ఇంకా మాత్ర చలవే. మన దగ్గర విరివిగా రాసే అమ్లోడిపిన్‌నే తీసుకోండి. రక్తనాళాల గోడల్లో కండర కణాలుంటాయి. ఒక్కో కణానికీ ఫాస్ఫోలిపిడ్లు, కొలెస్ట్రాల్ అనే కొవ్వులు కలిసిన పల్చటి పొర. అందులో కాల్షియం లోపలికొచ్చే దారులుంటాయి. బయటితో పోలిస్తే లోపల కాల్షియం దాదాపు 10,000 రెట్లు తక్కువ కాబట్టి, దారి తెరుచుకోగానే లోపలికి జొరబడుతుంది. కండరం బిగుస్తుంది, నాళం సన్నబడుతుంది, బీపీ పెరుగుతుంది. అమ్లోడిపిన్ ఆ దారికి అడ్డుపడుతుంది. పైగా కొవ్వులో బాగా కలిసే మందు కావడంతో ఆ కణపొర కొవ్వుల్లోకి చేరి అక్కడే తిష్ఠ వేస్తుంది. రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. ఇంగువ కట్టిన గుడ్డకు వాసన ఎన్నాళ్ళుంటుందో తెలుసుగా! ఆపిన రెండో రోజు చూసుకుని ఏం తేల్చగలం?

ఒక రిటైర్డ్ మాస్టారు క్యాలెండర్‌లో చింపిన కాగితాల వెనక రీడింగులు రాసి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చేవారు. మాత్ర ఆపాక మూడే కాగితాలున్నాయి: 132/84, 134/84, 138/86. "బాగానే ఉంది కదా, ఇంకెందుకని చూడలేదండీ" అన్నారు. నెల తర్వాత శుక్లం ఆపరేషన్‌కి వెళ్తే 182/104 ఉందని వెనక్కి పంపేశారు. "ఒంట్లో ఏమీ తెలియలేదండీ" అని ఆయన ఆశ్చర్యం. తెలియదు మాస్టారూ, చాలామందికి తెలియదు. ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, అంకె మెట్లెక్కుతోందని ఆయనే అన్నారు.

మొదలుపెట్టిన మూడో రోజే "పనిచేయట్లేదు" అని డాక్టర్ని మార్చేసేవాళ్ళకూ ఇదే జవాబు. ఈ మందు ఒంట్లో ఒక స్థాయికి కుదురుకోవడానికే వారం పైన పడుతుంది. అలాగని అన్ని మాత్రలూ ఇంత నెమ్మదిగా దిగవు. క్లోనిడిన్ అనే మరో బీపీ మందు ఉన్నట్టుండి మానేస్తే ఒకట్రెండు రోజుల్లోనే బీపీ ఎగదన్నుతుంది.

"అయితే జీవితాంతమా?" అనే భయం నాకు అర్థమవుతుంది. బరువు తగ్గి, ఉప్పు తగ్గించినవాళ్ళకు మోతాదు తగ్గించిన సందర్భాలున్నాయి. కాకపోతే వారాల తరబడి బీపీ చూస్తూ తగ్గిస్తాం.

అపోహ: ఈ మాత్రలతో కిడ్నీలు పాడవుతాయి, అందుకే కాళ్ళు వాచాయి.

వాస్తవం: అమ్లోడిపిన్ సన్నటి ధమనులను వదులు చేసినంతగా సిరలను చేయదు. దాంతో చీలమండల దగ్గర నీరు చేరుతుంది. వేలితో నొక్కితే గుంట పడుతుంది, సాయంత్రానికి చెప్పుల పట్టీ బిగుసుకుంటుంది. మోతాదు తగ్గిస్తేనో మందు మారిస్తేనో చాలావరకు పోతుంది. వాపుకి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి చూపించుకోండి, అంతేగానీ మీ అంతట మీరు ఆపకండి. కిడ్నీలను దెబ్బతీసేది అదుపులో లేని బీపీ.

అపోహ: కణపొరల్లో కొవ్వు కడిగేస్తే బీపీ పోతుంది.

వాస్తవం: ఇది వాట్సాప్ వైద్యం. ఆ కొవ్వు లేకపోతే కణమే ఉండదు. బీపీ ఉన్నవాళ్ళ ఎర్ర రక్తకణాల పొరలో సోడియం-లిథియం మార్పిడి (ఒకటి లోపలికి, మరొకటి బయటికి వెళ్ళడం) సగటున ఎక్కువని 1980లో తేలిన మాట నిజమే. బీపీకీ కణపొరలకూ ఉన్న సంబంధం మీద సోవియట్ శాస్త్రవేత్తలు పోస్ట్‌నోవ్, ఓర్లోవ్ చాలా పని చేశారు. కానీ బీపీ లేనివాళ్ళలోనూ కొందరికి ఆ మార్పిడి ఎక్కువే ఉండటంతో ఓపీలో వాడే పరీక్షగా అది నిలవలేదు. ఇక దాని పేరు చెప్పి పొడులమ్మేవాళ్ళ గురించి నన్నడగకండి.

అపోహ: సైంధవ లవణం ఎంత తిన్నా ఫర్వాలేదు.

వాస్తవం: అదీ ప్రధానంగా సోడియం క్లోరైడే. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయల్లో ఉన్నదానితో కలిపి మొత్తం ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే.

లో-సోడియం ఉప్పు వేరే సంగతి. అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది, చాలామందికి మంచిదే. కిడ్నీ జబ్బు ఉన్నా, టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ మందులు వాడుతున్నా మాత్రం పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. అలాంటివాళ్ళు ప్యాకెట్ కొనేముందే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు చేయించుకుని డాక్టర్‌కి చూపించండి.