బటర్‌నట్ స్క్వాష్ రోస్ట్: అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలో ఒక కేటరింగ్ కిచెన్‌లో నా పని. అక్టోబర్ వచ్చిందంటే బటర్‌నట్ స్క్వాష్, అంటే సొరకాయ ఆకారంలో ఉండే ఒక రకం గుమ్మడి, పెట్టెలకి పెట్టెలు దిగుతుంది. నవంబర్‌లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగకి పాట్‌లక్‌లు (తలా ఒక వంటకం తెచ్చే విందులు) జరుగుతాయి. వాటి ముందు మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి: "అక్కా, నా స్క్వాష్ రోస్ట్ ముద్దయిపోయింది, ఏం చేయను?" ఎలా చేశారని అడిగితే ప్రతిసారీ ఇవే మాటలు బయటపడతాయి.

అపోహ: ఇదేదో ఇంగ్లీషు కూరగాయ.

వాస్తవం: మన తీపి గుమ్మడి రకాలు చాలావరకు, ఇదీ ఒకే జాతి, కుకుర్బిటా మాస్కాటా. ఈ సొరకాయ ఆకారం రకాన్ని 1940ల్లో మసాచుసెట్స్‌లోని స్టో ఊళ్లో చార్లెస్ లెగెట్ అనే ఆయన తయారుచేశాడు. దప్పళంలో నిక్షేపంగా వేసుకోవచ్చు. అయితే దప్పళం అలవాటుతోనే ఓవెన్ దగ్గరికి వెళ్తే చిక్కు. పులుసులో ముక్క ఉడికితే చాలు. రోస్ట్‌లో ముక్క పైనున్న తడి ఎగిరిపోయి అంచులు ఎర్రబడాలి.

అపోహ: ట్రే నిండా సర్దేస్తే ఒక్క దఫాలో అయిపోతుంది.

వాస్తవం: నేనూ చేశాను ఈ పని. మొదటి ఏడాది నలభై మందికి ఆర్డర్. టెన్షన్‌లో ముక్కలు ఒకదానిమీద ఒకటి పోసి రెండు ట్రేలు లోపలికి తోశాను. అరగంట తర్వాత తలుపు తీస్తే ఆవిరికి కళ్లజోడు మసకబారిపోయింది. ట్రే అడుగున నీళ్లు, వాటిలో హల్వాలాంటి ముద్ద. అల్లం, కొబ్బరిపాలు పోసి సూప్ అని వడ్డించాను. అందరూ బాగుందన్నారు, అది వేరే సంగతి.

ముక్కల మధ్య వేలు పట్టేంత సందుండాలి, లేకపోతే ఒకదాని ఆవిరిలో ఇంకొకటి ఉడుకుతుంది. అంగుళం ముక్కలు చేస్తే ఒక మోస్తరు కాయకి రెండు ట్రేలు పడతాయి. రెండు టేబుల్ స్పూన్ల నూనె, ఉప్పు పట్టించి వెంటనే ఓవెన్‌లో పెట్టండి. ఉప్పు కలిపి పక్కన ఉంచితే నీరు ఊరుతుంది. ఓవెన్ 425 ఫారన్‌హీట్, అంటే సుమారు 220 సెల్సియస్. ఖాళీ ట్రేని ముందే లోపల పెట్టి వేడెక్కిస్తే ముక్కలు పడగానే సుయ్యిమంటాయి. ఆ చప్పుడు వచ్చిందంటే నాకు సగం దిగులు తీరినట్టే. పదిహేను, ఇరవై నిమిషాలు కదపకండి. తిప్పబోతే ముక్క ట్రేని వదలడం లేదంటే ఇంకా ఎర్రబడలేదన్నమాట. మొత్తం అరగంట, అటూ ఇటూగా.

అపోహ: ఫాయిల్ కప్పితే త్వరగా అవుతుంది.

వాస్తవం: త్వరగా ఉడుకుతుంది, అంతే. రోస్ట్ కాదు.

అపోహ: తొక్క తినకూడదు, కొయ్యడం మనవల్ల కాదు.

వాస్తవం: తొక్క పల్చన, బాగా వేగితే తినొచ్చు. విందులకైతే నేను తీసేస్తాను. కాయకి ఫోర్క్‌తో గాట్లు పెట్టి రెండు మూడు నిమిషాలు మైక్రోవేవ్‌లో ఉంచితే కత్తి సులువుగా దిగుతుంది. ముందు మెడనీ బొజ్జనీ వేరు చేయండి. మెడలో గింజలుండవు, చక్కటి ముక్కలు అక్కడే వస్తాయి. చెక్కు తీశాక అరచేతులు ఫెవికాల్ ఎండినట్టు బిగుసుకుంటాయి, అది కాయ జిగురు. పనసకాయ కోసేటప్పుడు రాసుకున్నట్టే చేతులకి నూనె రాసుకోండి, లేదా గ్లవ్స్ వేసుకోండి.

అపోహ: మేపుల్ సిరప్ (మేపుల్ చెట్టు రసం కాచిన తీపి పాకం) లేకపోతే రుచి రాదు.

వాస్తవం: పండిన కాయకి దాని తీపే చాలు. సిరప్ మొదట్లోనే పోస్తే మాడుతుంది, కావాలంటే చివరి ఐదు నిమిషాల్లో. నేనైతే జీలకర్ర పొడి, కాస్త కారం వేస్తాను, దించాక నిమ్మరసం. ఆ నిమ్మరసం మాత్రం మానను.

అపోహ: నిగనిగలాడే కాయే మంచిది.

వాస్తవం: తొక్క మెరిసినా, ఆకుపచ్చ చారలున్నా ఇంకా పచ్చిదే. గోధుమ రంగులో మెరుపు లేకుండా, చేతికి బరువుగా, ఎండిన తొడిమతో ఉన్నది తీసుకోండి. ఫ్రిజ్ అక్కర్లేదు. చల్లటి, పొడి చోట రెండు మూడు నెలలు ఉంటుంది.

అపోహ: కాస్త చేదుంటే మసాలాతో కప్పేయొచ్చు.

వాస్తవం: వద్దు. ఆ చేదు కుకుర్బిటాసిన్లనే విష పదార్థాలది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, వండినా పోదు. ప్రతి కాయా కోయగానే పచ్చి ముక్క చిటికెడంత నాలుక మీద పెట్టి చూస్తాను. చేదు తగిలితే ఉమ్మేసి, కాయ మొత్తం చెత్తబుట్టలో వేస్తాను.