ఎడమకు దొరికిన కొత్త పేరు

చిరంజీవులైన పిల్లలకు,

మీలో ఎడమచేతి వాటం వాళ్లుంటే ఈ ఉత్తరం ముందు వాళ్లే చదవాలి.

స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ఐబీరియా ద్వీపకల్పంలో ఎడమను స్పానిష్‌లో ‘ఇస్కియెర్దా’, పోర్చుగీసులో ‘ఎష్కెర్దా’, స్పెయిన్‌లోని కటలోనియా ప్రాంతపు భాష కటలాన్‌లో ‘ఎస్కెర్రా’ అంటారు. మూడూ రోమన్ల భాషైన లాటిన్‌కు పుట్టిన భాషలే. కుడికి వాడే మాట మూడింటికీ లాటిన్ నుంచే వచ్చింది. ఎడమ మాత్రం అలా రాలేదు.

లాటిన్‌లో ఎడమ అంటే ‘సినిస్టర్’. ఇటాలియన్‌లో ‘సినిస్ట్రా’ అని అది ఇప్పటికీ బతికే ఉంది. కానీ ఆ మాటకు అపశకునం అనే అర్థం అంటుకుంది. స్పానిష్‌లో ‘సినియెస్త్రో’ అంటే ఇప్పుడు కీడు, ప్రమాదం. చెడు ధ్వనించే మాట నోట రాకూడదనుకుంటే మనుషులు వేరే మాట వెతుక్కుంటారు. మనం దీపం ఆరిందనకుండా కొండెక్కిందంటాం కదా! గ్రీకులు ఎడమను ‘మంచి పేరున్నది’ అని పిలిచారు. సంస్కృతంలో ‘వామ’ అంటే ఎడమా, అందమైనదీ కూడా.

ఐబీరియా వాళ్లకు ఆ కొత్త మాట ఇరుగుపొరుగు నుంచే దొరికింది. పిరెనీస్ పర్వతాల పడమటి కొసన బాస్క్ ప్రజలున్నారు. వాళ్ల భాషలో ఎడమ అంటే ‘ఎస్కెర్’. మాట అక్కడిదేనని, లేదా దానికి దగ్గరైన ఏదో పాత భాషదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. క్రీ.పూ. 218లో రోమన్ సైన్యం ఆ గడ్డ మీద అడుగుపెట్టాక అక్కడి పాత భాషలన్నీ ఒక్కొక్కటిగా అంతరించాయి. బాస్క్ ఒక్కటే నిలిచింది. ప్రపంచంలో ఏ భాషతోనూ దానికి చుట్టరికం ఇంతవరకు రుజువు కాలేదు. మాట్లాడేవాళ్లు పది లక్షల లోపే.

ఈ కథలో నాకు బాగా నచ్చేది ఇదే. సాధారణంగా మాటలు ఏలినవారి నుంచి ఏలబడేవారికి వస్తాయి. ఇక్కడ ఎదురు నడిచింది! స్పానిష్ మాట్లాడే మెక్సికోలో, పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్‌లో బడిపిల్లలు రోజూ పలికే మాటకు మూలం ఆ కొండల దగ్గరి పాత పలుకు.

తర్వాత ‘ఎడమ’ అన్న మాట రాజకీయాల్లోకీ వచ్చింది. 1789లో ఫ్రాన్సు సభలో రాజు అధికారాన్ని తగ్గించాలన్నవాళ్లు అధ్యక్షుడికి ఎడమవైపు కూర్చున్నారు. మనం ‘వామపక్షం’ అనడం అందువల్లే. కటలోనియాలో 1931లో పుట్టిన ఒక పార్టీ పేరు ‘ఎస్కెర్రా’తోనే మొదలవుతుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య